తారకం అడిగే తీరు, బాలగోపాల్ వాదించే తీరు



1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువును పశువుల కుడితితో పాడుచేయొద్దని అన్నందుకు గొడవ మొదలైంది. తెల్లవారేసరికి అది మాదిగపల్లె మీద దాడి అయింది. ప్రాణాలతో మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకున్నారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఇద్దరు మనుషులు ఉద్యోగాలు వదిలారు. ఒకరు బొజ్జా తారకం గారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. కారంచేడు విషయంలో ప్రభుత్వ వైఖరికి నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చి, దళిత మహాసభకు అధ్యక్షులయ్యారు. రెండోవారు కె. బాలగోపాల్ గారు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవారు. పౌరహక్కుల సంఘం పనికీ ఆ కొలువుకూ పొత్తు కుదరక, ఆయన కూడా 1985లోనే బయటికి వచ్చేశారు.

తరవాత ఇద్దరూ హైదరాబాదు హైకోర్టులో నల్లకోటు వేసుకుని పేదల తరఫున వాదించారు. ఇద్దరూ తెలుగులో విస్తారంగా రాశారు. సామాజిక న్యాయం గురించే రాశారు. అయినా ఒకరి వ్యాసం చదివి వెంటనే రెండోవారిది తీస్తే, ఒకే విషయాన్ని ఒప్పించడానికి ఇంత దూరంగా ఉన్న రెండు దారులుంటాయా అనిపిస్తుంది. ఆ రెండు దారుల గురించే ఈ పూట మాట్లాడతాను.

ఈ సంగతి మన నగరంలో ఒక మూలకు బాగా చెందినది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్. తారకం గారి ఇల్లు అశోక్ నగర్‌లోనే. 2016 సెప్టెంబరు 16న అక్కడే కన్నుమూశారు. బాలగోపాల్ గారు 2009 అక్టోబరు 8న, యాభై ఏడేళ్ల వయసులో పోయారు. ఆయన సంస్మరణ సభలు జరిగిన బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చిక్కడపల్లి నుంచి నడిచిపోవచ్చు. ఇందిరా పార్కు ధర్నా చౌక్ కూడా నడిచేంత దూరమే. ఆ చౌక్‌ను 2017లో మూసేస్తే, మళ్లీ తెరవమని 2018లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇటు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు 1928లో మొదలుపెట్టిన ఆడపిల్లల బడి ఉంది. ఉర్దూ చదువులే చదువులైన నిజాం రాజ్యంలో, ఆడపిల్లకు తెలుగులో చదువు చెప్పొచ్చు అని ఆయన ఎన్ని వ్యాసాలు రాసినా, ఆ బడి ఒప్పించినంతగా అవి ఒప్పించి ఉండవు. ఒప్పించడమనేది కాగితం మీదే జరగదు, రాజీనామాలోనూ బడిలోనూ కూడా జరుగుతుంది. ముందు ఈ మాట అనుకుని లోపలికి వెళదాం.

ఇప్పుడు తారకం గారి దగ్గరికి వద్దాం.

అప్పటి తూర్పుగోదావరి జిల్లా కోనసీమలో కందికుప్ప ఆయన ఊరు. 1939లో పుట్టారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి గారు అంబేడ్కర్ మార్గంలో నడిచిన నాయకులు, అమలాపురం శాసనసభ్యులు. భార్య విజయభారతి గారు బోయి భీమన్న గారి కుమార్తె, తెలుగులో అంబేడ్కర్ జీవితం రాసిన పరిశోధకురాలు. తారకం గారు నిజామాబాదులో వకీలుగా ఉన్నప్పుడే అంబేడ్కర్ యువజన సంఘం కట్టారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. అంటే దళితుల హక్కు అనేది ఆయనకు పుస్తకంలో ఎదురుపడ్డ విషయం కాదు, ఇంట్లో అన్నం దగ్గర వినిపించిన మాట.

ఆయన రాసినవాటిలో కవిత్వం ఉంది, నవల ఉంది, కులం వర్గం సంబంధం మీద సిద్ధాంత చర్చ ఉంది. అయితే ఆయన ఒప్పించే పద్ధతి పూర్తిగా కనిపించేది ఒక చిన్న పుస్తకంలో. దాని పేరు 'పోలీసులు అరెస్టు చేస్తే'. పేరులోనే ఆయన పద్ధతి ఉంది. ఆ పేరు ఒక మనిషిని ఒక క్షణంలో నిలబెడుతుంది. రాత్రివేళ ఇంటి ముందు జీపు ఆగింది, ఇప్పుడేం చేయాలి? అరెస్టు ఎందుకో చెప్పమని అడగొచ్చా? వకీలును పిలిపించుకోవచ్చా? ఎన్ని గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి? జామీను ఎవరు ఇవ్వాలి? చదువు అంతంతమాత్రంగా ఉన్న కూలీకి కూడా అర్థమయ్యే తెలుగులో జవాబు చెప్పడమే ఆ పుస్తకం చేసిన పని.

న్యాయం గురించి రాసేవాళ్లు సాధారణంగా తప్పు చేసినవాణ్ని ఉద్దేశించి రాస్తారు, లేదా పక్కన నిలబడి చూసేవాణ్ని ఉద్దేశించి రాస్తారు. వాడి మనసు కరిగితే లోకం బాగుపడుతుందని ఆశ. మన సాహిత్యంలో సంస్కరణ రచనలు చాలావరకు ఈ దారినే వచ్చాయి. 'అయ్యా, వీళ్లూ మనుషులే' అని పెద్దకులాల పాఠకుణ్ని బతిమాలినవి ఎన్నో ఉన్నాయి. తారకం గారు ఆ పాఠకుణ్ని దాదాపు పట్టించుకోలేదు. ఆయన దెబ్బతిన్నవాడివైపు తిరిగి కూర్చున్నారు. 'నీకు అన్యాయం జరిగింది' అని చెప్పడానికి కాదు, అది వాడికి తెలుసు. 'ఇది చట్టం, ఇది నీది, పట్టుకో' అని చెప్పడానికి.

దీని బలం ఎక్కడుందో చూడండి. భయపడే మనిషిని ధైర్యం తెచ్చుకోమని ఎంత చెప్పినా ధైర్యం రాదు. ఇరవై నాలుగు గంటలు అనే ఒక అంకె చేతికిస్తే వస్తుంది. ఆ గడువు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. పాత నేర విచారణ స్మృతిలో 57వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక అది 58వ సెక్షన్ అయింది. పుస్తకంలో సెక్షన్ల నంబర్లు పాతబడి ఉండొచ్చు గానీ, స్టేషన్ మెట్లెక్కుతున్న మనిషికి ఒక అంకె గుర్తుంటే వాడి నడక మారుతుంది అన్న గ్రహింపు పాతబడలేదు.

తారకం గారు తరచుగా ప్రశ్న అడుగుతారు. వ్యాసంలోనూ, ఉపన్యాసంలోనూ, కవిత్వంలోనూ. ఆ ప్రశ్నలు జవాబు తెలియక అడిగేవి కావు. ఎదుటివాడికి కూడా జవాబు తెలుసని, బయటికి అనలేడని తెలిసి అడిగేవి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ చేసి చేసి అలవాటైన పద్ధతి అది. భూమి ఎవరు దున్నారు? పంట ఎవరింటికి వెళ్లింది? ఒక్కో ప్రశ్నకూ మధ్య ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో వినేవాడు తనకు తానే జవాబు చెప్పుకుంటాడు. మనం చెప్పిన జవాబును ఎదుటివాడు కాదనొచ్చు, తాను చెప్పుకున్న జవాబును కాదనలేడు.

చుండూరు కేసులో ఆయన వాదించిన ఒక విషయం నాకు ఆయన రాసిన ఏ వ్యాసం కన్నా గొప్ప వ్యాసంగా కనిపిస్తుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. విచారణ ఎక్కడ జరగాలి? మామూలుగా అయితే ఏ పట్టణంలోనో కోర్టులో. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టాలని బాధితులు పట్టుబట్టారు. తారకం గారు ఆ పట్టుకు చట్టపు మాట ఇచ్చారు. చివరికి చుండూరులోనే కోర్టు కూర్చుంది. ఏ ఊళ్లో తలెత్తి నడవకూడదన్నారో, ఆ ఊళ్లోనే దళిత స్త్రీ సాక్షి బోనెక్కి పేర్లు చెప్పింది. ఇదంతా ఎవరిని ఒప్పించడానికి? జడ్జిని ఒక్కరినే కాదు, ఊరిని కూడా. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు నన్ను ఇవాళ్టికీ కలవరపెడుతుంది. అయినా సొంత ఊళ్లో కోర్టు కూర్చోవడం, సాక్షులు వెనక్కి తగ్గకపోవడం జరిగిపోయిన సంగతులు. పైకోర్టు తీర్పు వాటిని చెరపలేదు.

ఇక బాలగోపాల్ గారు. ఆయనది వేరే ప్రపంచం.

1952లో బళ్లారిలో పుట్టారు. తల్లివైపు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి మనవడు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి గణితంలో డాక్టరేటు. గణితంలోంచి చరిత్రలోకి వచ్చిన డి.డి. కోశాంబి అంటే ఆయనకు ప్రాణం, తెలుగులో కోశాంబిని పరిచయం చేస్తూ పుస్తకమే రాశారు. 1983 నుంచి పద్నాలుగేళ్లపాటు పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి. టాడా కింద జైలు, కిడ్నాపు, దెబ్బలు, అన్నీ చూశారు. 1998లో మానవ హక్కుల వేదిక ప్రారంభించిన వాళ్లలో ముఖ్యులు.

ఆయనకు తారకం గారికున్న ఒక వెసులుబాటు లేదు. తారకం గారు దళితుల గురించి మాట్లాడేటప్పుడు 'మనం' అనగలరు. బాలగోపాల్ గారు అనలేరు. అన్నా ఎవరూ నమ్మరు, ఆయనే ముందు నమ్మరు. మరి తనది కాని బాధ గురించి ఏ అధికారంతో రాయాలి? ఆయన ఎంచుకున్న దారి ఒకటే. వెళ్లి చూడటం, చూసినది వరుసగా చెప్పడం, చెప్పినదాని నుంచి ఎంత తేలుతుందో అంతే తేల్చడం. ఆయన నిజనిర్ధారణ నివేదికలు చదవండి. ఏ ఊరు, ఎవరి పొలం, ఎన్ని ఎకరాలు, పోలీసులు ఏం చెబుతున్నారు, ఊరి పెద్దలు ఏం చెబుతున్నారు, బాధితులు ఏం చెబుతున్నారు. విశేషణాలు తక్కువ. 'దారుణం' అనే మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. వచ్చేసరికి పాఠకుడే ఆ మాట కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

కారంచేడు గురించే ఆయన ఏం రాశారో చూడండి. దేశమంతా చదివే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో 1985లోనే రాశారు. అందులో ఆయన గొడవ ఎలా మొదలైందన్న దగ్గర ఆగిపోలేదు. కోస్తా డెల్టాలో కాలువ నీటితో, వ్యవసాయ మిగులుతో పైకి లేచిన ఒక వర్గం, 1983లో దానికి చిక్కిన రాజ్యాధికారం, ఆ అధికారం తెచ్చిన ధీమా, ఇవన్నీ కలిపి ఆ హత్యలను ఎన్టీఆర్ రాజకీయాలతో ముడిపెట్టి చూపించారు. అదే ఘటన విషయంలో తారకం గారు పదవి వదిలి చీరాల శిబిరంవైపు నడిచారు. ఒకరి ప్రశ్న 'ఇప్పుడేం చేద్దాం', మరొకరి ప్రశ్న 'ఇది ఎట్లా సాధ్యమైంది'. చనిపోయినవారి కుటుంబానికి మొదటి ప్రశ్న కావాలి. ఇంకో కారంచేడు రాకూడదంటే రెండోది కావాలి. ఆరేళ్లు తిరిగేసరికి చుండూరు వచ్చింది. రెండో ప్రశ్నను మన సమాజం సరిగా వినలేదని నేను అనుకుంటాను.

బాలగోపాల్ గారి అసలైన ప్రత్యేకత ఇంకొకటి ఉంది. ఆయన ఎక్కువగా ఒప్పించాలని చూసింది శత్రువును కాదు, తనవాళ్లను. న్యాయం తమవైపే ఉందని గట్టిగా నమ్మేవాళ్లను. వాళ్లను ఒప్పించడం ఎంత కష్టమో ఏ ఉద్యమంలో పనిచేసినవాళ్లకైనా తెలుసు. 'చీకటి కోణాలు' అని 1990లలో ఆయన రాసిన వ్యాసం తెలుగు ఆలోచనాపరుల మధ్య పెద్ద దుమారం రేపింది. మనిషిలోని చెడునంతా వర్గ సమాజం నెత్తిన పెట్టి ఊరుకోలేమనీ, మనిషి లోపలి చీకటిని కూడా చూడకపోతే మార్పు గురించి మన అవగాహన అసంపూర్ణమనీ ఆయన వాదించారు. ఈ వాదన పత్రికల్లో ప్రత్యర్థుల మీద వేసిన రాయి కాదు. తనతోపాటు జైలుకు వెళ్లినవాళ్ల ముందు, తాను గౌరవించినవాళ్ల ముందు పెట్టిన ప్రశ్న. ఉద్యమాల హింస గురించి కూడా అలాగే మాట్లాడారు. రాజ్యహింసను అంత తీవ్రంగా ఎదిరించిన మనిషి ఆ మాట అన్నాడు కాబట్టే, కోపగించుకున్నవాళ్లు కూడా కొట్టిపారేయలేకపోయారు.

ఎస్సీ రిజర్వేషన్లను కులాలవారీగా పంచే వర్గీకరణ చర్చలో ఈ పద్ధతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1994లో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఉమ్మడి రాష్ట్రం చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బాలగోపాల్ గారు వర్గీకరణను సమర్థించారు. ఎట్లా సమర్థించారన్నదే ఇక్కడ మనకు పాఠం. వర్గీకరణ వద్దన్నవాళ్ల వాదనలు ఒక్కొక్కటే ఎత్తి, ఇవి ఒకప్పుడు రిజర్వేషన్లే వద్దని పెద్దకులాలు చెప్పిన వాదనలు కావా అని పక్కన పెట్టి చూపించారు. ప్రతిభ, ఐక్యత, విభజన, అన్నీ మళ్లీ వచ్చాయన్నారు. నిన్న నిన్ను అడ్డుకున్న తర్కంతో నువ్వు ఇవాళ ఇంకొకరిని అడ్డుకోవచ్చా? ఇందులో తిట్టు లేదు. వాళ్ల పోరాటం తప్పనే మాట అంతకన్నా లేదు. వాళ్లు నమ్మిన విలువనే వాళ్ల ముందు పెట్టి, దీన్ని చివరిదాకా నడిపిద్దామా అని అడగటం ఉంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఒకరు విభేదించగా, వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అది అమలులోకి వచ్చింది. ఆ రోజు బాలగోపాల్ గారు లేరు.

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇట్లాంటి రాత ఉందా అంటే, 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ గుర్తొస్తుంది. అది రాసింది జాత్యహంకారులకు కాదు, తొందరపడొద్దని సలహా చెప్పిన తెల్లజాతి మతగురువులకు. మంచివాళ్లమని అనుకునేవాళ్లను కదిలించడం ఒక ప్రత్యేకమైన విద్య. కింగ్ దానికి కవిత్వపు ఊపును తోడు తెచ్చుకున్నారు. బాలగోపాల్ గారు అదీ తెచ్చుకోలేదు. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, 'అయితే' వస్తుంది, మళ్లీ 'అయినప్పటికీ' వస్తుంది. చదివేవాడికి ఓపిక కావాలి. తొందరలో ఉన్నవాడు మధ్యలో వదిలేస్తాడు. ఇది ఆయన రచనకున్న పెద్ద లోటని నా అభిప్రాయం. జీపు ఇంటి ముందు ఆగిన మనిషికి ఆ వ్యాసం పనికిరాదు.

తారకం గారి పద్ధతికీ ఒక హద్దు ఉంది. ఆయన ప్రశ్నల ఊపు బాధితుణ్ని లేపి నిలబెడుతుంది. కానీ ఎటూ తేల్చుకోలేని మూడో మనిషి, అంటే ఊళ్లో మంచివాడని పేరున్న ఒక రైతు, ఒక బడిపంతులు ఉన్నాడనుకోండి. ఆ ప్రశ్న తన మీదికే వస్తోందని తలుపేసుకుంటాడు. ఆ తలుపు తట్టడం తన పని కాదని తారకం గారు నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. శతాబ్దాలుగా ఆ తలుపు తట్టి తట్టి చేతులు అరిగినవాళ్ల వారసుడాయన. 'కులం-వర్గం' రాసినప్పుడు మాత్రం ఆయన కూడా రెండు వైపులా తిరిగి మాట్లాడారు. కులాన్ని పక్కనపెట్టి వర్గం గురించే మాట్లాడే కమ్యూనిస్టులకూ, భూమి ప్రశ్నను మరిచే దళిత నాయకులకూ ఇద్దరికీ చెప్పారు. అక్కడ ఆయన స్వరం కొంచెం బాలగోపాల్ గారి స్వరానికి దగ్గరగా వస్తుంది.

ఇద్దరూ కలిసేచోటు చట్టం. ఈ వ్యవస్థలో పేదవాడికి చట్టం వల్ల ఒరిగేదేముంది అని విప్లవ రాజకీయాలు గట్టిగా అన్న కాలంలో, ఇద్దరూ చట్టాన్ని వదల్లేదు. తారకం గారికి చట్టం అంబేడ్కర్ సంపాదించి పెట్టిన ఆస్తి. దాన్ని వాడుకోకపోవడం ఆ తాతకు ద్రోహం. బాలగోపాల్ గారి దృష్టి వేరు. ఒక్కో హక్కూ ఎవరో ఎక్కడో పోరాడితే ముందు విలువగా సమాజంలో పుట్టి, తరవాత చట్టంలోకి వచ్చి కూర్చుందని ఆయన వివరించారు. కనుక దాన్ని దొరల చట్టమని పారేయడమంటే మనవాళ్ల పోరాటాన్నే పారేయడం. ఒకే ముగింపుకు ఒకరు వారసత్వం మీదుగా వచ్చారు, మరొకరు చరిత్ర మీదుగా వచ్చారు. షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టం 1989లో వచ్చిందంటే, దాని వెనక కారంచేడు తరవాత రేగిన కదలిక ఉంది. ఆ చట్టాన్ని తారకం గారు ప్రజలకు వివరిస్తూ రాశారు. అది ఎందుకు సరిగా అమలు కావడం లేదో బాలగోపాల్ గారు ఊరూరా తిరిగి రాశారు.

ఇక నేను ఎవరివైపు? ఈ ప్రశ్న తప్పించుకోవడం న్యాయం కాదు. ఒకే పుస్తకం దాచుకోమంటే నేను తారకం గారిది దాచుకుంటాను. దెబ్బతిన్న మనిషి నోరు తెరిచి ఫిర్యాదు ఇస్తేనే కదా, బాలగోపాల్ గారు నిజనిర్ధారణకు వెళ్లడానికైనా ఒక కేసు ఉండేది. మొదటి మాట ఆ మనిషిదే కావాలి. ఆ మాటకు కావలసిన బలం ఇచ్చిన రచయిత తారకం గారు.

అయితే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఇప్పుడు కూర్చుని చదువుతున్న పిల్లలకు నేను చెప్పే జవాబు వేరు. పొద్దున్నే వచ్చి చెట్టు కింద చోటు పట్టుకుని, ఐదు రూపాయల భోజనంతో మధ్యాహ్నం గడిపి, చీకటి పడ్డాక అశోక్ నగర్ గదులకు వెళ్లే పిల్లలు. ఆదిలాబాదు నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల సిలబస్‌లో సామాజిక ఉద్యమాలు ఉన్నాయి కనుక కారంచేడు, చుండూరు, దళిత మహాసభ వాళ్లకు తెలుసు. ఏ సంవత్సరం, ఎంతమంది, అధ్యక్షుడెవరు, బిట్లుగా తెలుసు. ఆ బిట్లు తప్పని నేననను, పరీక్ష అలాగే ఉంది. కానీ ఉద్యోగం వచ్చాక ఏం జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి.

అత్యాచార నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో ఏడోది ఏం చెబుతుందంటే, ఈ చట్టం కింద కేసును డీఎస్పీ హోదాకు తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలి. అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి అభియోగపత్రం వేయాలి. డీఎస్పీ పోస్టు గ్రూప్-1లో ఉంది. ఇవాళ గ్రంథాలయంలో చుండూరు మృతుల సంఖ్య బట్టీపట్టే అమ్మాయి, రేపు ఇంకో ఊరి చుండూరుకు దర్యాప్తు అధికారి కావచ్చు. అప్పుడు ఆ అమ్మాయి మీద ఊరి పెద్దల ఒత్తిడి ఉంటుంది, పైఅధికారి ఫోను ఉంటుంది. అన్నిటికన్నా బలంగా, 'నేను మంచిదాన్నే, నాకు పక్షపాతం లేదు' అన్న సొంత నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకాన్ని అనుమానించడం నేర్పే తెలుగు రచయిత బాలగోపాల్ గారు. అధికారం చేతికి రాబోయేవాళ్లు ఆయన్ని చదవాలి. తన వర్గాన్ని, తన కులాన్ని, తన ఉద్యమాన్ని, చివరికి తన మంచితనాన్ని కూడా ప్రశ్నకు పెట్టే అలవాటు కుర్చీలో కూర్చున్నాక రాదు. ముందే రావాలి.

కాబట్టి చిక్కడపల్లి, అశోక్ నగర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఇది. పరీక్షకు పనికిరాకపోయినా సరే, తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' ఒక పూట చదవండి. బాలగోపాల్ గారి వ్యాసం ఒక్కటి, మధ్యలో వదలకుండా, చివరిదాకా చదవండి. చదివినదాని మీద మీ గదిలో ఉన్న మిత్రులతో వాదించండి. ఇంకో మాట గుర్తుంచుకోండి. అత్యాచార నిరోధక చట్టానికి 2016 జనవరి నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, ఈ చట్టం కింద నోటిమాటగా ఇచ్చిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం తీసుకునేముందు అది ఇచ్చినవాళ్లకు చదివి వినిపించి తీరాలి. కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి జైలుశిక్ష ఉంది. రేపు మీరు ఆ కుర్చీలో ఉన్న రోజున, చదువురాని ఒక తల్లి మీ ఎదుట నిలబడితే, ముందు ఆమెను కూర్చోబెట్టండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించండి. రాసిన కాగితం ఆమెకు చదివి వినిపించి, నకలు ఆమె చేతికివ్వండి.